స్వాధీనం నుంచి విలీనం దాకా: సత్యం కంప్యూటర్స్ ఉద్యోగుల చరిత్రలో నాలుగేళ్లు (2009–2013)

వ్యాస సారాంశం

2009 జనవరిలో బయటపడిన సత్యం కంప్యూటర్స్ ఖాతాల మోసాన్ని గురించిన రచనల్లో అధికభాగం వ్యవస్థాపకుడి పతనాన్ని, ఆడిటర్ల వైఫల్యాన్ని, నియంత్రణ సంస్థల లోపాలను చర్చించాయి. ఆ కంపెనీలో పనిచేసిన వారు వాటిలో ఒక సంఖ్యగా మాత్రమే కనిపిస్తారు. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా సత్యంలో వాటా కొన్న నాటి నుంచి 2013 జూన్‌లో రెండు కంపెనీలు చట్టబద్ధంగా ఒకటైన నాటి వరకు గడిచిన కాలాన్ని ఉద్యోగుల వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చట్టం గుర్తించిన విలీనానికీ, ఉద్యోగులు అనుభవించిన విలీనానికీ నాలుగేళ్ల ఎడం ఉందనీ, కంపెనీని నిలబెట్టడానికి అయిన మూల్యం అందరిమీదా సమానంగా పడలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సత్యం కంప్యూటర్స్, టెక్ మహీంద్రా, విలీనం, వర్చువల్ పూల్, సర్వీసు కొనసాగింపు, హైదరాబాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు

1. ప్రవేశిక

కంపెనీల విలీనాన్ని వాణిజ్యశాస్త్రం ఒక లావాదేవీగా వర్ణిస్తుంది. షేర్ల మార్పిడి నిష్పత్తి, చెల్లించిన మూల్యం, అమలు తేదీ అనే మూడు అంశాలతో ఆ వర్ణన దాదాపు పూర్తవుతుంది. అందులో పనిచేసే వారికి మాత్రం విలీనం ఒక తేదీతో ముగిసేది కాదు. జీతం వస్తుందో రాదో తెలియని నెల, గుర్తింపు కార్డు మీద పేరు మారిన రోజు, తన ప్రాజెక్టు మరొకరి చేతికి పోయిన వారం, చాలాకాలం తర్వాత కోర్టు ఉత్తర్వు వెలువడిన రోజు — ఇవన్నీ కలిస్తేనే ఉద్యోగి దృష్టిలో విలీనం అవుతుంది.

తెలుగు నేల మీద ఇటువంటి అనుభవానికి అతిపెద్ద ఉదాహరణ సత్యం. తెలుగులో ఆ మాటకు ఉన్న అర్థం వల్ల ఆ పతనం మీద వ్యంగ్యోక్తులు విరివిగా వచ్చాయి. ‘సత్యం’ ఆంగ్ల అక్షరాలను వెనుక నుంచి చదివితే ‘మేటాస్’ అవుతుందన్న సంగతి పిల్లలకు సైతం తెలిసిపోయింది. ఆ వ్యంగ్యం మాటున మరుగునపడిన ప్రశ్న ఒకటుంది. యాజమాన్యమే నేరం ఒప్పుకున్న తర్వాత ఆ సంస్థను ఎవరు నిలబెట్టారు? అందుకు ఎవరు ఎంత మూల్యం చెల్లించారు? ఈ ప్రశ్నకు జవాబు వెదికేటప్పుడు 2009 నాటి ‘స్వాధీనాన్ని’, 2013 నాటి ‘విలీనాన్ని’ వేరుచేసి చూడడం అవసరం.

2. పూర్వరంగం (1987–2008)

సత్యం కంప్యూటర్ సర్వీసెస్ 1987లో ప్రారంభమైంది. బైర్రాజు రామలింగరాజు, ఆయన సోదరుడు రామరాజు దాని వ్యవస్థాపకులు. 1992లో కంపెనీ ప్రజలకు షేర్లు జారీచేసింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభం కావడంతో మాదాపూర్ ప్రాంతం రూపురేఖలు మారడం మొదలైంది. ఆ మార్పులో సత్యం ముందు వరుసలో నిలిచింది. దాని అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే 1999లో నాస్‌డాక్‌లోనూ, మాతృసంస్థ 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలోనూ నమోదయ్యాయి. నగర శివార్లలోని బహదూర్‌పల్లిలో విశాలమైన టెక్నాలజీ కేంద్రం వెలసింది.

కోస్తా, తెలంగాణ, రాయలసీమ జిల్లాల్లోని ఇంజనీరింగ్ కళాశాలల నుంచి వచ్చిన తొలితరం పట్టభద్రులకు సత్యంలో ఉద్యోగం సామాజిక హోదాగా పరిణమించింది. వ్యవస్థాపక కుటుంబం చేయూతతో నడిచిన సేవాసంస్థలు కూడా ఆ హోదాకు దోహదం చేశాయి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ, పశ్చిమగోదావరి పల్లెల్లో బైర్రాజు ఫౌండేషన్ చేపట్టిన పనులు కంపెనీ పేరును ఐటీతో సంబంధం లేని ఇళ్లకు సైతం చేర్చాయి. అందుచేత ఆ తర్వాత పోయిన పరువు కంపెనీ ఒక్కదానిది కాదు. ‘మావాడు సత్యంలో చేస్తున్నాడు’ అని చెప్పుకున్న కుటుంబాలకూ అందులో భాగం ఉంది.

కంపెనీ తన ఉద్యోగులను ‘అసోసియేట్లు’ అని పిలిచేది. వారికి షేర్ల మీద హక్కు కల్పించే పథకాలు ఉండేవి. జీతంతో పాటు వచ్చిన ఆ షేర్లను ఇంటి కొనుగోలుకో, పిల్లల చదువుకో దాచుకున్న వారికి ఆ తర్వాత తగిలిన దెబ్బ రెండింతలు. ఉద్యోగమూ పొదుపూ ఒకే కంపెనీ మీద ఆధారపడి ఉండటమే అందుకు కారణం.

3. తొంభై ఆరు రోజులు

2008 డిసెంబరు 16న మేటాస్ ఇన్‌ఫ్రా, మేటాస్ ప్రాపర్టీస్ అనే కుటుంబ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు సత్యం బోర్డు ప్రకటించింది. మదుపరుల ఆగ్రహంతో గంటల వ్యవధిలోనే వెనక్కు తగ్గింది. 2009 జనవరి 7న రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో, లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనివేనని ఒప్పుకున్నారు. అంతకు ముందురోజు 179 రూపాయల వద్ద ఉన్న షేరు ఆనాటి సాయంత్రానికి 40 రూపాయలకు పడిపోయింది.

కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తొలగించి, జనవరి 11న దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లను డైరెక్టర్లుగా నియమించింది. కొద్ది రోజులకు తరుణ్ దాస్, టి.ఎన్. మనోహరన్, ఎస్. బాలకృష్ణ మైనాక్ వారితో చేరారు. ఫిబ్రవరి 5న, చాలాకాలంగా సంస్థలోనే పనిచేస్తున్న ఎ.ఎస్. మూర్తిని ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ఎంపిక చేశారు. బయటివారిని కాక లోపలి మనిషిని ఎంచుకోవడం ఉద్యోగులకూ క్లయింట్లకూ పంపిన సంకేతంగా భావించవచ్చు.

జనవరి 7 నుంచి కొనుగోలుదారు ఖరారైన ఏప్రిల్ 13 వరకు 96 రోజులు. ఈ వ్యవధిలో ప్రభుత్వం ముందు రెండు దారులున్నాయి. మొదటిది కంపెనీని మూసివేసి ఆస్తులు అమ్మడం. రెండవది నడుస్తున్న సంస్థగానే కొత్త యజమానికి అప్పగించడం. కర్మాగారమైతే యంత్రాలు, భూమి మిగులుతాయి. సాఫ్ట్‌వేర్ సేవల సంస్థకు ఉన్న ప్రధాన ఆస్తి క్లయింట్ల ఒప్పందాలు, వాటిని నెరవేర్చే మనుషులు. మనుషులు వెళ్లిపోతే ఒప్పందాలూ వెళ్లిపోతాయి, అమ్మడానికి ఏమీ మిగలదు. కాబట్టి రెండవ దారి సాధ్యం కావడానికి ఉద్యోగులు తమ స్థానాల్లో కొనసాగడం మొదటి షరతు అయింది. జీతాలు, రోజువారీ ఖర్చుల కోసం కొత్త బోర్డు బ్యాంకుల నుంచి 600 కోట్ల రూపాయల రుణం సమకూర్చుకోవడాన్ని ఈ వెలుగులో చూడాలి.

ఇదే సమయంలో ఉద్యోగుల ఉనికే వివాదాస్పదమైంది. కంపెనీ చెప్పుకున్న 53 వేల మందిలో 13 వేల మంది అసలు లేనేలేరని, వారి పేరిట జీతాల సొమ్ము మళ్లించారని ప్రభుత్వ న్యాయవాది జనవరిలో కోర్టుకు చెప్పారు. దర్యాప్తు ముందుకు సాగేకొద్దీ మోసానికి ప్రధాన సాధనాలుగా బయటపడినవి మాత్రం వేల సంఖ్యలో సృష్టించిన నకిలీ ఇన్వాయిస్‌లు, కల్పిత బ్యాంకు పత్రాలు. ఆ ఇన్వాయిస్‌లు సంబంధిత వ్యాపార విభాగాల అధిపతుల కంటపడకుండా కంప్యూటర్ వ్యవస్థలోనే ప్రత్యేక ఏర్పాటు ఉన్నట్లు తేలింది. ఉద్యోగుల చరిత్రకు ఇది కీలకమైన సాక్ష్యం. ప్రాజెక్టుల్లో పనిచేసే వారికి తెలియకుండా ఉండేలా ఆ మోసాన్ని నిర్మించారు. అయినా ‘సత్యంలో పనిచేశాను’ అన్న మాట తర్వాతి ఇంటర్వ్యూల్లో సంజాయిషీ ఇచ్చుకోవలసిన విషయమైంది.

4. స్వాధీనం: మారినదీ మారనిదీ

2009 ఏప్రిల్ 13న జరిగిన వేలంలో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు పలికింది. లార్సెన్ అండ్ టూబ్రో 45.90 రూపాయలు, డబ్ల్యు.ఎల్. రాస్ 20 రూపాయలు ప్రతిపాదించాయి. 31 శాతం వాటా కోసం టెక్ మహీంద్రా తన అనుబంధ సంస్థ వెంచర్‌బే కన్సల్టెంట్స్ ద్వారా 1,757 కోట్ల రూపాయలు చెల్లించింది. జూన్ 21న కంపెనీకి ‘మహీంద్రా సత్యం’ అనే వ్యవహారనామం వచ్చింది. అదే నెలలో సి.పి. గుర్నాని దాని సారథ్యం స్వీకరించారు.

కొన్న సంస్థ ఉద్యోగుల సంఖ్యలో సత్యం కంటే చిన్నది. 1986లో బ్రిటిష్ టెలికాం భాగస్వామ్యంతో పుట్టి, మహీంద్రా బ్రిటిష్ టెలికాం పేరుతో ఎదిగి, 2006లో టెక్ మహీంద్రాగా మారిన ఈ పుణే సంస్థ ప్రధానంగా టెలికాం రంగానికే సేవలు అందించేది. సత్యం బలం తయారీ, బ్యాంకింగ్ రంగాల్లోనూ, పెద్ద సంస్థల వ్యాపార సాఫ్ట్‌వేర్ అమలులోనూ ఉంది. సాంకేతిక నైపుణ్యాల దృష్ట్యా ఈ రెండింటి మధ్య పోటీ తక్కువ. ఒకే పనికి ఇద్దరు ఉండే పరిస్థితి ముఖ్యంగా మానవ వనరులు, ఆర్థికం, నియామకాలు, పరిపాలన వంటి సహాయక విభాగాల్లోనే తలెత్తుతుంది. విలీనాల్లో సాధారణంగా మొదట అభద్రతకు లోనయ్యేది కోడ్ రాసేవారు కాదు, వారి జీతాల లెక్కలు రాసేవారు.

ఇక్కడ చట్టపరమైన ఒక సూక్ష్మాన్ని గమనించాలి. 2009లో చేతులు మారినవి షేర్లు మాత్రమే. ఉద్యోగులకు నియామకపత్రం ఇచ్చిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ లిమిటెడ్ అదే చట్టవ్యక్తిగా కొనసాగింది. యాజమాన్యం ఒకరి నుంచి మరొకరికి బదిలీ అయినప్పుడు కార్మికులకు నోటీసు, పరిహారం పొందే హక్కును పారిశ్రామిక వివాదాల చట్టంలోని 25ఎఫ్‌ఎఫ్ సెక్షన్ అప్పట్లో కల్పించేది. సర్వీసుకు అంతరాయం లేకుండా, అంతకు తగ్గని షరతులతో కొత్త యజమాని కొనసాగిస్తే ఆ పరిహారం వర్తించేది కాదు. షేర్ల అమ్మకంలో యజమాని మారినట్లు చట్టం పరిగణించదు కనుక 2009లో ఆ ప్రశ్నే తలెత్తదు. పైగా సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఆ చట్టం నిర్వచించిన ‘వర్క్‌మన్’ కోవలోకి వస్తాడా రాడా అన్నది వివాదాంశంగా ఉండేది.

5. వర్చువల్ పూల్: ఉద్యోగానికీ నిరుద్యోగానికీ నడుమ

ఈ నాలుగేళ్లలో ఉద్యోగుల జీవితాన్ని అన్నిటికన్నా లోతుగా తాకిన నిర్ణయం 2009 మధ్యలో అమలైన వర్చువల్ పూల్ పథకం. సాఫ్ట్‌వేర్ సేవల సంస్థల్లో ప్రాజెక్టు లేని ఉద్యోగులు ‘బెంచి’ మీద ఉన్నారని అంటారు. బెంచి మీదివారు ఆఫీసుకు వస్తారు, పూర్తి జీతం తీసుకుంటారు, తదుపరి ప్రాజెక్టు కోసం శిక్షణ పొందుతారు. పాత యాజమాన్యం పతనంతో కొందరు పెద్ద క్లయింట్లు వెళ్లిపోయారు. ప్రపంచ ఆర్థిక మాంద్యం కొత్త పనిని తగ్గించింది. దాంతో బెంచి అసాధారణంగా పెరిగింది.

మిగులుగా లెక్కతేలిన వేలాది మందిని కొత్త యాజమాన్యం నేరుగా తొలగించలేదు. ఆరు నెలల పాటు మూలవేతనం, ప్రావిడెంట్ ఫండ్, వైద్యబీమా ఇస్తూ ఇంటి వద్ద ఉండమన్నది. అవసరమైతే తిరిగి పిలుస్తామన్నది. వేరే ఉద్యోగం చూసుకునే వీలు కల్పించింది.

ఈ పథకాన్ని రెండు విధాల అర్థం చేసుకోవచ్చు. మాంద్యం రోజుల్లో అనేక సంస్థలు ఒక్క ఈమెయిలుతో ఉద్యోగులను సాగనంపుతుండగా, ఆరు నెలల గడువూ వైద్యబీమా ఇవ్వడం మానవీయ ఏర్పాటేనన్నది మొదటి దృష్టి. దీన్ని కొట్టిపారేయలేం. రెండవ దృష్టి జీతం నిర్మాణాన్ని గమనిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అందుకునే మొత్తంలో మూలవేతనం ఒక భాగమే. ఇంటి అద్దె భత్యం, ఇతర భత్యాలు, పనితీరు ఆధారిత చెల్లింపులు మిగతా భాగం. మూలవేతనం మాత్రమే చేతికొచ్చినప్పుడు గృహరుణం వాయిదా కట్టడం కష్టమవుతుంది. ఆ మనిషి కాగితం మీద ఉద్యోగి, ఇంట్లో నిరుద్యోగి. ఇరుగుపొరుగు అడిగితే సెలవులో ఉన్నానని చెప్పాలో, ఉద్యోగం పోయిందని చెప్పాలో తెలియని స్థితి. తొలగింపు అయితే పరిహారం, నోటీసు వంటి చర్చలకు తావుంటుంది. ఈ మధ్యస్థితిలో వాటికీ తావులేదు.

కంపెనీ నిలబడటానికి ఉద్యోగుల విధేయత అవసరమైన 96 రోజుల్లో అందరూ సమానంగా అవసరమయ్యారు. కొనుగోలు పూర్తయ్యాక ఎవరు అవసరం, ఎవరు మిగులు అన్న విభజన జరిగింది. ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్న అసమానత ఇక్కడే మొదలైంది.

6. పనిలో నిలిచినవారు

పూల్‌లోకి వెళ్లని వారి మీద మరో బరువు పడింది. ప్రతి క్లయింటుకూ సంస్థ బతికే ఉందని నిరూపించే బాధ్యత అది. 2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన ఫిఫా ప్రపంచకప్‌కు ఐటీ సేవలందించే ఒప్పందాన్ని సత్యం 2007లోనే సంపాదించింది. అక్రిడిటేషన్, రవాణా, స్వచ్ఛంద సేవకుల నిర్వహణ వంటి పనులకు సంబంధించిన వ్యవస్థ అది. పోటీల తేదీని వాయిదా వేయలేరు. యాజమాన్యం మారినా ఆ పనిని వేళకు పూర్తిచేసి అప్పగించారు.

తెర వెనుక సాగిన మరో పెద్ద శ్రమ లెక్కల పునర్నిర్మాణం. అబద్ధపు పద్దులను తీసివేసి, అసలు పద్దులను మళ్లీ పేర్చి, 2009, 2010 ఆర్థిక సంవత్సరాల లెక్కలను 2010 సెప్టెంబరు 29న కంపెనీ ప్రకటించింది. అంటే దాదాపు ఇరవై నెలల పాటు తాము పనిచేస్తున్న కంపెనీ ఆర్థిక స్థితి ఉద్యోగులకు కచ్చితంగా తెలియదు. 2011లో అమెరికాలోని మదుపరులతో 12.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అక్కడి సెక్యూరిటీస్ కమిషన్‌కు కోటి డాలర్ల జరిమానా చెల్లించారు. ఒకరు చేసిన మోసానికి అయిన ఈ ఖర్చులన్నీ, ఆ మోసంతో సంబంధం లేని వారి శ్రమ తెచ్చిన ఆదాయం నుంచే పోయాయి.

7. చట్టబద్ధ విలీనం (2012–2013)

2012 మార్చి 21న రెండు కంపెనీల బోర్డులు విలీనాన్ని ప్రకటించాయి. ప్రతి 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు అన్నది మార్పిడి నిష్పత్తి. 100 షేర్లు దాచుకున్న ఉద్యోగికి 11 షేర్లు, పైన భిన్నం మిగిలాయి. రెండు కంపెనీల రిజిస్టర్డ్ కార్యాలయాలు వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్నందున, నాటి కంపెనీల చట్టం ప్రకారం రెండు హైకోర్టుల ఆమోదం అవసరమైంది. బొంబాయి హైకోర్టు 2012లోనే అంగీకరించింది. హైదరాబాదులో వ్యవహారం ఆలస్యమైంది. పాత యాజమాన్యం కాలంలో తాము 1,230 కోట్ల రూపాయలు అప్పు ఇచ్చామంటూ 37 కంపెనీలు అభ్యంతరం తెలిపాయి. చివరకు 2013 జూన్ 11న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమోదించింది. జూన్ 24 నుంచి విలీనం అమలులోకి వచ్చింది. సుమారు 84 వేల మంది ఉద్యోగులతో ఏర్పడిన సంస్థ పేరు టెక్ మహీంద్రా. ‘సత్యం’ అన్న మాట కంపెనీ పేరులోంచి తొలగిపోయింది.

చట్టం దృష్టిలో యజమాని మారింది ఇప్పుడే. విలీన పథకాల్లో సర్వీసుకు అంతరాయం ఉండదనీ, షరతులు తగ్గవనీ చెప్పే నిబంధన ఉండటం ఆనవాయితీ. గ్రాట్యుటీకి, ప్రావిడెంట్ ఫండ్‌కు పాత సర్వీసు లెక్కకు వచ్చేది దానివల్లనే. అయితే నాలుగేళ్లుగా ఒకే సారథ్యం కింద పనిచేసిన ఉద్యోగుల రోజువారీ జీవితంలో జూన్ 24కు ఉన్న ప్రాధాన్యం పరిమితం. చట్టం ఏ మార్పునూ చూడని 2009లో వారి జీవితం తలకిందులైంది. చట్టం మార్పును నమోదు చేసిన 2013 నాటికి ఆ మార్పు పాతబడింది. ఉద్యోగులకు రక్షణ అవసరమైన సమయానికీ, చట్టం రక్షణను గురించి మాట్లాడిన సమయానికీ పొంతన కుదరలేదు.

అమెరికాలో పనిచేస్తున్న తెలుగు ఉద్యోగుల విషయంలో ఈ తేడా మరింత స్పష్టం. అక్కడి వలస చట్టం ప్రకారం, పాత కంపెనీ బాధ్యతలను కొత్త సంస్థ స్వీకరిస్తే విలీనం కారణంగా హెచ్1బి కోసం మళ్లీ దరఖాస్తు చేయనవసరం లేదు. అంటే 2013 నాటి విలీనం వారికి కాగితాల వ్యవహారమే. కాని 2009లో ఉద్యోగం పోతే, కొత్త యజమాని దొరికే దాకా ఆ దేశంలో ఉండేందుకు నేడున్న 60 రోజుల గడువు నిబంధన అప్పటికి లేదు. అది 2017లో వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగం పోయినవాడికి ఇల్లు మిగులుతుంది. అక్కడివాడికి ఇల్లు, పిల్లల బడి, దేశం అన్నీ ఒకేసారి ప్రశ్నార్థకమవుతాయి.

8. ముగింపు

సత్యం ఉదంతం తర్వాత వచ్చిన సంస్కరణల్లో 2013 నాటి కంపెనీల చట్టం ముఖ్యమైనది. ఆడిటర్లను నిర్ణీత కాలానికి మార్చడం, మోసానికి కఠినశిక్ష, మదుపరులు సామూహికంగా దావా వేసే హక్కు అందులో చోటుచేసుకున్నాయి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుతో సహా పదిమందిని దోషులుగా నిర్ణయించి ఏడేళ్ల శిక్ష విధించింది. మరుసటి నెలలో పైకోర్టు శిక్ష అమలును నిలిపివేసి వారికి బెయిలు ఇచ్చింది. మదుపరికి కొత్త హక్కులు వచ్చాయి, నేరానికి తీర్పు వచ్చింది. స్వాధీనం జరిగినప్పుడు ఉద్యోగికి ఏ హక్కు ఉండాలన్న ప్రశ్న మాత్రం ఆ సంస్కరణల్లో ప్రధానాంశం కాలేదు.

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. సత్యం విలీనం 2013 నాటి ఘటన కాదు. ఉద్యోగుల చరిత్రలో అది 2009లో మొదలై నాలుగేళ్లు సాగిన ప్రక్రియ.

2. కంపెనీని మూసివేయకుండా అమ్మాలన్న ప్రభుత్వ నిర్ణయం ఫలించడానికి ఉద్యోగులు నిలిచి ఉండటం ఆధారం. ఈ ఘట్టాన్ని కొత్త డైరెక్టర్ల దక్షతగా మాత్రమే వర్ణించడం అసంపూర్ణం.

3. ఆ నిలకడకు అయిన మూల్యం వర్చువల్ పూల్‌లోకి వెళ్లినవారి మీద, షేర్లలో పొదుపు పెట్టుకున్నవారి మీద, వీసా మీద ఆధారపడినవారి మీద ఎక్కువగా పడింది.

4. షేర్ల కొనుగోలును, చట్టబద్ధ విలీనాన్ని వేర్వేరుగా చూసే కార్మిక చట్టం, వాస్తవంలో అభద్రత ఎక్కువగా ఉన్న మొదటి దశనే పట్టించుకోకుండా వదిలేస్తుంది.

బహదూర్‌పల్లిలోని సత్యం టెక్నాలజీ కేంద్రం ప్రాంగణంలో 2014లో ఇంజనీరింగ్ కళాశాల వెలసింది. 2020లో అది మహీంద్రా విశ్వవిద్యాలయమైంది. నేడు అక్కడ చదివే విద్యార్థుల్లో చాలామంది 2009 నాటికి పసిపిల్లలు. వారిలో ఎందరో రేపు ఏదో ఒక కంపెనీలో చేరతారు, ఆ కంపెనీ మరొకదానిలో కలవవచ్చు. ఆ రోజున తమ నియామకపత్రంలో ఏముందో, చట్టం తమను ఏ పేరుతో గుర్తిస్తుందో వారు తెలుసుకోవలసి ఉంటుంది. సత్యం ఉద్యోగుల జ్ఞాపకాలను, పత్రాలను, మౌఖిక కథనాలను ఇప్పుడే సేకరించి భద్రపరిస్తే, ఆధునిక తెలుగు శ్రామిక చరిత్రలో ఇప్పటిదాకా ఖాళీగా ఉన్న ఒక అధ్యాయం పూర్తవుతుంది.